ధనుష్కోటి రైల్వే స్టేషను చరిత్రము



వార్షిక మహాసభ సంచికకు చారిత్రక విషయమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, రాజులను గూర్చి వ్రాయుదునా, కవులను గూర్చి వ్రాయుదునా యని కొంత తడవు తర్కించుకొంటిని. తుదకు ఒక రైల్వే స్టేషనును గూర్చి వ్రాయ నిశ్చయించితిని. పిల్లలకు సంస్కృతమును తెలుగును చెప్పుకొని బ్రదికినవానికి రైళ్ల చరిత్రముతో నేమి పని యని కొందఱు నవ్వవచ్చును. కాని ఆ స్టేషను పేరు సంస్కృతపదము. అది నిలిచిన చోటు పురాణప్రసిద్ధమైన తీర్థము. అదియునుగాక, ఆ స్టేషను విడిచిపోయిన గుఱుతొకటి మా యింటిలో చిరకాలముండెను.

మా పితామహుడు 1930 ప్రాంతమున సేతుయాత్ర చేసి, ధనుష్కోటిలో స్నానమాడి, అచ్చటి యిసుకను ఒక రాగిచెంబులో దెచ్చికొనెను. కాశీయాత్రకు వెళ్లి దానిని ప్రయాగలో గలుపవలెనని సంకల్పము. ఆ సంకల్పము తీరకుండగనే ఆయన గతించెను. చెంబు మాత్రము దేవతార్చన మందిరములో మిగిలెను. నా చిన్నతనమున దానిని ముట్టుకొనబోయినప్పుడెల్ల మా నాయనమ్మ, "అది సేతువిసుకరా, ప్రయాగకు పోవలసినది, కదపకు" అని మందలించెడిది. 1964లో నాకు అయిదాఱేండ్లు. ధనుష్కోటి సముద్రములో గలిసిపోయినదన్న వార్త ఊరిలోనికి వచ్చిననాడు ఆమె ఆ చెంబును దీసి యొడిలో బెట్టుకొని చాలసేపు పలుకక కూర్చుండుట నాకు లీలగా జ్ఞాపకము. ఈ వ్యాసమునకు మూలము అదియే.

సేతుస్థలము

ముందుగా పేరును విచారింతము. ధనుష్కోటి యనగా కోటి ధనుస్సులని కొందఱు అర్థము చెప్పుదురు. అది పొరపాటు. ఇచ్చట కోటి యనగా సంఖ్య గాదు, కొన. ధనుస్సుయొక్క కొన ధనుష్కోటి. లంకను జయించి మరలివచ్చునప్పుడు, విభీషణుని ప్రార్థనమున శ్రీరాముడు తన వింటికొనతో సేతువును భేదించెనని స్థలపురాణము. రామేశ్వరద్వీపము తూర్పు దక్షిణముగా సాగి సాగి సన్నని యిసుకతిన్నెయై ముగియుచోట ఈ స్థలమున్నది. ఒకప్రక్క బంగాళాఖాతము, వేఱొకప్రక్క మన్నారు సింధుశాఖ. యాత్రికులు వానిని మహోదధి యనియు రత్నాకరమనియు వ్యవహరింతురు. పటమున జూచినను ఆ భూమి వింటికొనవలెనే కనబడును.

కాశీరామేశ్వరయాత్ర విధి మనవారికి దెలియనిది గాదు. సేతువునుండి యిసుక గొనిపోయి ప్రయాగలో గలిపి, గంగోదకము దెచ్చి రామనాథస్వామి కభిషేకము చేయించిననే యాత్ర పూర్తియగునని పెద్దల మాట. రైలు రాకమునుపు ఇది ఎంతటి పనియో యూహింపవలెను. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమను సామెత ఆ కాలమున పుట్టినదే. తెలుగుదేశమువారు నెల్లూరు, కాళహస్తి, కంచి, చిదంబరము, మధుర మీదుగా నెలలతరబడి నడచి రామనాథపురము చేరెడివారు. సేతుపతులను బిరుదము వహించిన రామనాథపుర ప్రభువులు ఆ త్రోవపొడవునను సత్రములు గట్టించిరి. ఎందఱో పుణ్యాత్ములు, వర్తకులు, కులపెద్దలు తమ శక్తికొలది బావులు త్రవ్వించి, చలిపందిళ్లు వేయించి, సదావర్తులు నడిపిరి. పాదచారి యాత్రికుని నమ్ముకొని ఒక లోకమే బ్రదికినది.

రైలు వచ్చుట

ఆ లోకమును మార్చినది దక్షిణ ఇండియా రైల్వే కంపెనీ. ఆ కంపెనీకి కేంద్రము తిరుచిరాపల్లి, దాని మార్గము మీటరుగేజి. మధురనుండి మండపమువఱకు 1902లో రైలుమార్గము పడెను. మండపమునకును రామేశ్వరద్వీపమునందలి పాంబనునకును నడుమ సముద్రమున్నందున అచ్చట ఓడలే శరణ్యము. సింహళమునకు పోవువారు అప్పటికి చెన్నపట్టణమునుండి తూత్తుకుడికి రైలులో బోయి, అచ్చట పొగయోడ నెక్కి కొలంబోలో దిగెడివారు. అది రాత్రియంతయు సాగు సముద్రప్రయాణము.

దీనికంటె దగ్గఱి త్రోవ సేతుమార్గమని ఇంజనీర్లకు దోచెను. శ్రీరామసేతువుమీదుగనే రైలుపట్టాలు వేసి, ధనుష్కోటినుండి సింహళద్వీపమందలి తలైమన్నారువఱకు బండినే నడుపవలెనని యొక యాలోచన సాగెను. వ్యయము మిక్కుటమగుటచే దానిని విడిచిరి. పాంబను జలసంధిపై వంతెన గట్టుట, ధనుష్కోటివఱకు రైలు నడుపుట, అచ్చటినుండి సుమారు 20 మైళ్ల దూరము పొగయోడలలో దాటించుట, ఆవలియొడ్డున సింహళ రైలులో నెక్కించుట అను పద్ధతి స్థిరపడెను.

పాంబను వంతెన 1914 ఫిబ్రవరి 24వ తేదీన ప్రారంభమయ్యెను. దాని పొడవు రెండు కిలోమీటర్లకు పైమాట. నడిమిభాగమున ఓడలు పోవుటకు వంతెన రెండు రెక్కలుగా పైకి లేచునట్లు నిర్మించిరి. ఆ పద్ధతికి షెర్జర్ అను అమెరికా ఇంజనీరు పేరు. ఆ రెక్కలను కూలివాండ్రు తమ బాహుబలముచేతనే త్రిప్పి యెత్తెడివారు. పాంబను దాటిన పిమ్మట ప్రధానమార్గము నేరుగా ధనుష్కోటికి బోయెను. రామేశ్వరమునకు పాంబనునుండి శాఖామార్గము మాత్రమే వేసిరి. దీనినిబట్టి కంపెనీవారి చూపు దేవాలయముపై గాక సముద్రముపై నున్నదని తెలియుచున్నది. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. స్టేషను పుట్టుకయు గిట్టుకయు దీనిలోనే యున్నవి.

స్టేషను మంచికాలము

1914 మొదలు 1964 వఱకు, ఏబది సంవత్సరములు, ధనుష్కోటి భారతదేశపు రైలుత్రోవకు తుదిమెట్టు. ఇసుకతిన్నెమీద స్టేషను, రైల్వే ఆసుపత్రి, తపాలా కార్యాలయము, సుంకపు కచ్చేరి, పాఠశాల, క్రైస్తవుల ప్రార్థనామందిరము, ఉద్యోగుల నివాసములు వెలసెను. రైలు రేవుకట్టవఱకు బోయెడిది. తొలుత కర్జన్, ఎల్గిన్, హార్డింజి యను రాజప్రతినిధుల పేళ్లుగల పొగయోడలును, తరువాత ఇర్విన్, గోషెన్ అను ఓడలును తలైమన్నారునకు నడచెను. చెన్నపట్టణపు ఎగ్మూరు స్టేషనులో కొలంబోవఱకు ఒకే టిక్కెట్టు కొనవచ్చును. ఆ బండిని జనులు బోటు మెయిలని పిలిచిరి.

మనవారి ప్రయాణమెట్లుండెడిదో మా తండ్రిగారు తమ తండ్రి చెప్పగా విన్నట్లు నాకు జెప్పిరి. బెజవాడనుండి బ్రాడుగేజి బండిలో చెన్నపట్టణము సెంట్రల్ స్టేషనులో దిగుదురు. అచ్చటినుండి మూటాముల్లెలు జట్కాబండిలో వేసికొని ఎగ్మూరు చేరుదురు. అచ్చట చిన్నబండి, అనగా మీటరుగేజి బండి. మడిబట్టలు, అటుకులు, చలిమిడి, త్రాగునీటి మరచెంబు వెంట నుండవలసినదే. పాంబను వంతెనమీద బండి నెమ్మదించినప్పుడు స్త్రీలందఱును కిటికీలనుండి సముద్రములోనికి పసుపు కుంకుమలు చల్లుదురు. ధనుష్కోటిలో దిగి, సంగమస్నానము చేసి, పితృకార్యములు నిర్వర్తించి, ఇసుక మూటగట్టుకొని, మరల బండి యెక్కి రామేశ్వరము చేరుదురు. నెలల ప్రయాణము దినములలోనికి దిగినది. సత్రములు క్రమముగ బోసిపోయెను. ఒక మార్గమునకు మేలైనది వేఱొకదానికి చేటగుట లోకస్వభావము.

ఆ ప్లాటుఫారముమీద యాత్రికుల ప్రక్కనే మఱియొక జనము నిలిచెడిది. వారు సింహళమందలి తేయాకు తోటలకు బోవు కూలివాండ్రు. అత్యధికులు తమిళులు, తెలుగువారును కొందఱు కలరు. సింహళ ప్రభుత్వమువారు మండపములో నొక శిబిరమును స్థాపించి, అంటురోగములు సోకకుండ వారినచ్చట కొన్నిదినములుంచి, పరీక్షించి, పిమ్మట ధనుష్కోటికి బంపెడివారు. ఒకడు పితరుల ఋణము దీర్చుకొన వచ్చినవాడు, ఇంకొకడు కడుపుకై సముద్రము దాట వచ్చినవాడు. స్టేషనుకు రాబడి నిచ్చినది ఈ రెండవవాడే యని తలంచుట న్యాయము. పుణ్యతీర్థమని మనము చేతులు జోడించునపుడు ఆ కూలివానిని మఱువరాదు.

మన రాష్ట్రపతియై కీర్తిశేషుడైన అబ్దుల్ కలాముగారి బాల్యమునకు ఈ మార్గముతో సంబంధమున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రామేశ్వరములో రైలాగుట మానివేసినందున, వార్తాపత్రికల కట్టలను రామేశ్వరమునకును ధనుష్కోటికిని నడుమ కదలుచున్న బండినుండి విసరివేసెడివారనియు, వానిని బట్టుకొని తాను తొలిసంపాదన చేసితిననియు ఆయన స్వీయచరిత్రములో జెప్పియున్నారు.

ఉప్పెనకు మునుపే తఱుగు

స్టేషను 1964లో ఒక్కరాత్రి నశించినదనుట సత్యమే. ఐనను దాని ప్రాణము అంతకు పాతికయేండ్ల ముందునుండియే తఱుగుచుండెను. 1939 ఆగస్టులో భారత ప్రభుత్వము సింహళమునకు కూలివాండ్రు పోవుటను నిషేధించెను. 1948లో స్వతంత్ర సింహళము చేసిన పౌరసత్వ శాసనముచే అచ్చటి తోటలలో తరతరములుగా బనిచేయుచున్న లక్షలమంది భారతసంతతివారు ఏ దేశమునకును గాని వారైరి. నిన్నటివఱకు టిక్కెట్టుతో దాటిన సముద్రము నేడు అనుమతి పత్రములతో దాటవలసిన సరిహద్దయ్యెను. 1964 అక్టోబరు 30వ తేదీన లాల్ బహదూర్ శాస్త్రిగారును సిరిమావో బండారనాయకెగారును ఒడంబడిక చేసికొనిరి. దానిచే 5,25,000 మందిని భారతదేశమును, 3,00,000 మందిని సింహళమును స్వీకరించుట కంగీకారము కుదిరెను; 1,50,000 మంది సంగతి పిమ్మట దేల్చుటకు విడిచిరి. ఒకనాడు పోయినవారి బిడ్డలు తిరిగివచ్చుటకు ఆ రేవే ద్వారము కావలసియుండెను. ఒడంబడిక జరిగిన 53వ దినమున ఆ రేవు లేకపోయెను.

1964 డిసెంబరు 22

డిసెంబరు 17వ తేదీన అండమాను సముద్రపు దక్షిణభాగమున వాయుగుండము పుట్టి, రెండు దినములలో తుపానై, పడమరగా నడచి, 22వ తేదీన సింహళపు ఉత్తరభాగమును దాటి, ఆ రాత్రి ధనుష్కోటిపై బడెను. గాలి వేగము గంటకు 280 కిలోమీటర్లని యంచనా. కెరటములు ఇరువది యడుగులను మించి లేచెను.

ఆ రాత్రి 11 గంటల 55 నిమిషములకు 653 నెంబరు పాసింజరు బండి పాంబనునుండి ధనుష్కోటికి బయలుదేరెను. ఆఱు పెట్టెలు. లెక్కకు వచ్చినవారు 110 మంది ప్రయాణికులు, అయిదుగురు రైల్వే సిబ్బంది. ప్రయాణికులలో బడిపిల్లలు కూడ నుండిరి. స్టేషను కొన్ని వందల గజముల దూరముననుండగా సిగ్నలు పనిచేయలేదు. చీకటి, గాలి, వాన. డ్రైవరు కొంతసేపు నిలిచి చూచెను. ఏ సూచనయు రాలేదు. పొడుగుగా కూత వేసి బండిని ముందునకు నడిపెను. కొండవంటి కెరటమొకటి వచ్చి బండి నంతటిని ముంచివేసెను. అందున్నవారిలో నెవ్వరును మిగులలేదు.

నిలిచియున్నను ఆ కెరటము వారిని విడిచియుండునా? ఇసుకతిన్నెమీద నిలుచుటయు నడచుటయు ఆ రాత్రి ఒక్కటియే. ఆ డ్రైవరును దూషించుటకు మనకు నోరు రాదు. చూడవలసినది వేఱొకటి. తుపాను అయిదు దినములుగా సముద్రముమీద నడచుచున్నది. ఐనను అర్ధరాత్రివేళ పిల్లలతో గూడిన బండి యొకటి సముద్రపుటంచునకు బయలుదేరెను. తీగలు తెగిపోయినందున ఈ దుర్ఘటన వార్త బయటిలోకమునకు రెండు దినములకుగాని చేరలేదు. ఆ తుపానులో మృతులైనవారు మొత్తము 1,800 మంది యని సాధారణముగా జెప్పుదురు. రామేశ్వరములో జనులు ఆలయప్రాకారములలో దలదాచుకొని బ్రదికిరి.

ఉప్పెన యన్నమాట తెలుగువారికి నిఘంటువులో వెదుకవలసిన మాట గాదు. సరిగా నూఱేండ్లకు మునుపు, 1864 నవంబరు 1వ తేదీన, మచిలీబందరులో ఉప్పెన ముప్పదివేలమందిని గొనిపోయినది. ధనుష్కోటికి పదుమూడేండ్లకు పిమ్మట, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమలో పదివేలమంది పోయిరి. ఆనాడు శవములను మోసిన చేతులు మన సంఘములలో నేటికిని గలవు. కావున ధనుష్కోటి దుఃఖము మనకు పరాయిది గాదు.

వంతెన లేచినది, స్టేషను లేవలేదు

ఉప్పెన పాంబను వంతెనను గూడ విడువలేదు. 145 ఉక్కు దూలములలో 126 కొట్టుకొనిపోయెను. పైకిలేచు నడిమిరెక్కలు మాత్రము నిలిచెను. మరమ్మతునకు రైల్వేవారు తొలుత ఆఱునెలలు గడువు పెట్టి, దానిని మూడునెలలకు దగ్గించిరి. ఆ పని ఒక యువక ఇంజనీరు చేతికి వచ్చెను. ఆయనయే ఇ. శ్రీధరన్ గారు, తరువాత కొంకణ రైల్వేను, ఢిల్లీ మెట్రోను నిర్మించి ప్రసిద్ధిగాంచినవారు. మనము సంతోషింపదగిన విషయమేమన, ఆయన మన కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో జదివినవారు. కొట్టుకొనిపోయిన దూలములను సముద్రగర్భమునుండి వెదకి తీయించి, మరల నెక్కించి, 46 దినములలో వంతెనమీద బండి నడిపించిరి.

ఇక ధనుష్కోటియో? ప్రభుత్వము దానిని మనుష్యనివాసమునకు దగని స్థలముగా బ్రకటించెను. పట్టాలు మరల వేయలేదు. శాఖయైన రామేశ్వరము మార్గాంతమయ్యెను. ప్రధానమైన ధనుష్కోటి పటమునుండి తొలగెను. సింహళమునకు పోవు ఓడ రామేశ్వరమునుండి కొన్నాళ్లు నడచి, 1980ల తొలిభాగమున అంతఃకలహముల కాలములో నిలిచిపోయెను.

ఇచ్చటనే చరిత్రకారుడు ఆగి యాలోచింపవలెను. ఒకే రాత్రి ఒకే సముద్రము రెంటిని గొట్టెను. ఒకటి 46 దినములలో లేచెను. రెండవది లేవనే లేదు. స్థలము ప్రమాదకరమగుట యొక కారణము. ఆ యిసుకమీద మరల ఊరు గట్టకుండుట వివేకమే. కాని యది యొక్కటియే గాదు. వంతెనను కోరువారు లక్షలుండిరి, రామనాథస్వామి యుండెను. ధనుష్కోటి స్టేషనును కోరుటకు అప్పటికి కంపెనీ లేదు, కూలివాండ్ర రాకపోకలు లేవు, సింహళముతో నాటి పొత్తు లేదు. ఏ యక్కఱకై పుట్టెనో ఆ యక్కఱ ముందుగా జచ్చెను. పిమ్మట సముద్రము వచ్చి అంత్యక్రియ జరిపెను.

నేటి స్థితి

2010 ప్రాంతమున నేను అచ్చటికి పోయితిని. అప్పటికి తగిన బాట లేదు. ఇసుకలోను నీటిలోను నడచు వ్యానులో పదిమందితో గలిసి పోవలెను. స్టేషను గోడలు కొన్ని, కమాను కొంత, నీటితొట్టి శిథిలము, పైకప్పులేని ప్రార్థనామందిరము చూచితిని. ఉప్పుగాలి రాళ్లను చెదలువలె దినివేయుచున్నది. గుడిసెలలో కాపురమున్న బెస్తవారు చలిమలు త్రవ్వికొని మంచినీరు ద్రాగుచుండిరి. ఉప్పు సముద్రములు రెంటి నడుమ తియ్యనీరు! త్రోవలో విభీషణ పట్టాభిషేకస్థలమని ప్రసిద్ధమైన కోదండరామాలయము ఆ ఉప్పెనకును నిలిచి యున్నది.

2017లో చివరికొనవఱకు మంచి బాట పడెను. 2019 మార్చి 1వ తేదీన రామేశ్వరమునుండి ధనుష్కోటికి మరల రైలు వేయుటకు శంకుస్థాపన జరిగెను. ఆ సున్నితమైన ఇసుకనేలకు అది తగదను ఆక్షేపణలును లేచెను. పాతవంతెనపై 2022 డిసెంబరులో రాకపోకలు నిలిపివేసిరి. క్రొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6వ తేదీన, శ్రీరామనవమినాడు, ప్రారంభించిరి. బండి మరల ధనుష్కోటికి బోవలెనా వలదా యనునది పెద్దలు దేల్చవలసిన విషయము. నా యభిప్రాయమడిగినచో, బండికంటె ముందు ఆ మిగిలిన గోడలను గాపాడవలెనందును. 653 నెంబరు బండిలోని పిల్లలకు అంతకుమించిన సమాధి లేదు.

మనము గ్రహింపవలసినది

సోదరులారా! ఈ కథను మహాసభ సంచికలో నేల వ్రాసితినో చెప్పి ముగింతును. మన పెద్దలు యాత్రికులకై గట్టించిన సత్రములు కొన్ని నేడు కూలుచున్నవి. కాలము పాడుచేసినదని, తుపాను పాడుచేసినదని చెప్పుకొనుచున్నాము. ధనుష్కోటి కథ వేఱుగా జెప్పుచున్నది. అక్కఱయున్నదానిని మనుష్యులు 46 దినములలో నిలబెట్టుదురు. నడచివచ్చు యాత్రికుడు నేడు లేడు, నిజమే. కాని దూరపు పల్లెనుండి చదువుకై వచ్చు పేదపిల్లవాడు కలడు, ఆసుపత్రికి వచ్చి వసారాలలో బండుకొను రోగి బంధువు కలడు. ఆ సత్రము వారికి దెఱచినచో నిలుచును, లేనిచో నిలువదు. పోషక మహాశయులు దీనిని విచారింతురుగాక.

రెండవది యొక చిన్న విన్నపము. మీ యిండ్లలోని వృద్ధులు చేసిన యాత్రల కథలను వారుండగనే వ్రాయించి, పాత టిక్కెట్లు, ఉత్తరములు, లెక్కల పుస్తకములు మిగిలియున్నచో భద్రపఱచి, వాని నకళ్లను సంఘమునకు బంపుడు. రైల్వేవారి లెక్కలలో మన పెద్దలు టిక్కెట్ల సంఖ్య మాత్రమే. వారి పేళ్లు మనమే వ్రాసికొనవలెను.

ఉద్యోగవిరమణ మైన యేడాదికి నేను ఆ రాగిచెంబుతో ప్రయాగకు బోయితిని. త్రివేణిలో దిగి, మా పితామహుని నామగోత్రములు చెప్పి, సేతువిసుకను నీటిలో విడిచితిని. ఇప్పుడు చెంబులో గంగోదకము మా దేవతార్చనలో నున్నది. దానిని రామేశ్వరమునకు జేర్పవలసియున్నది. ఈశ్వరానుగ్రహమున్నచో వచ్చు మాఘమాసమున క్రొత్త వంతెనమీదుగా బోయెదను.